తలుపు తీసే ఉంది

చీరాలలో కోటిలింగం అక్షరాన్ని మెచ్చుకోనివాళ్ళు లేరు, ఒక్క గురువుగారు తప్ప. కోటిలింగానికి అదే దిగులు.

గురువు పేరు ఈశ్వరాచారి. గోడపత్రికలకి చెక్క అక్షరాలు చెక్కడం ఆయన పని. నాటకాలకీ సర్కసులకీ ప్రెస్సులవాళ్ళు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. భార్య పోయాక ఆ కొట్లోనే వండుకుని, ఆ కొట్లోనే పడుకునేవాడు. మాట తక్కువ. చెక్కపొట్టు మధ్య కూర్చుంటే లోపల మనిషి ఉన్నాడో లేడో బయటివాళ్ళకి తెలిసేది కాదు.

కోటిలింగం కొత్తగా ఒక లావు అక్షరం తయారుచేశాడు. గీత బొటనవేలంత మందంతో మొదలై, కొసకి సన్నబడి, చిన్న పాదం మీద నిలబడేది. సిరా పూసి అద్ది చూస్తే కాగితమంతా నలుపే. "ఏం దిట్టంగా ఉందయ్యా!" అన్నారు ప్రెస్సువాళ్ళు. సర్కసు మేనేజరైతే ఇక సింహం బొమ్మ కూడా అక్కర్లేదన్నాడు. మునగచెట్టు ఎక్కిస్తే ఎవరు దిగుతారు? కోటిలింగం ఆ అక్షరాన్ని ఇంకాస్త లావు చేశాడు.

గురువు చూసి "ఊఁ" అన్నాడు. అంతే.

"ఏం బాగాలేదో చెప్పండి గురువుగారూ" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"బాగాలేదన్నానా?"

"బాగుందనీ అనలేదుగా."

ఆయన ఉలి పదును వేలితో చూసుకున్నాడు.

ఆ వారంలోనే సుబ్బరత్నం వచ్చింది. నేతపని చేసే మనిషి. ఊరు దాటాక రైలుపట్టాల పక్కనే ఇల్లు. చంకలో తెల్లటి గుడ్డ, తను నేసిందే.

"మా తమ్ముడు నాతో తగువాడి వెళ్ళిపోయాడు ఆచారిగారూ. నేనే నోరుజారి, మొహం మీద తలుపేశాను. బాపట్లలో గది తీసుకుని ఒంగోలులో పనికి పోతున్నాడు. రోజూ పొద్దున పాసింజర్లో మా ఇంటి ముందు నుంచే పోతాడు. స్టేషనుకెళితే పెట్టె మారతాడు. కబురు పంపితే వినడు."

"ఏం రాయాలమ్మా?"

"తలుపు తీసే ఉంది అని. గోడకి కడతాను. రైల్లోంచి కనబడాలి."

ఆమె చెప్పినంతసేపూ ఏడవలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం గుడ్డని ఒకసారి నిమిరి ఇచ్చింది.

ఈశ్వరాచారి ఆ పని కోటిలింగానికే అప్పజెప్పాడు. కోటిలింగం పొంగిపోయాడు. లావు అక్షరం ఇందుకు కాకపోతే ఇంకెందుకు? జానెడున్నర ఎత్తున టేకు చెక్కలో, అద్దితే సరిగ్గా పడేలా తిరగేసి చెక్కాడు. అద్దబోతుంటే గురువు చెయ్యి అడ్డంపెట్టాడు. ఆమె గుడ్డ తీసి పక్కన పెట్టి, దండెం మీది తన కొత్త పంచె తెచ్చి పరిచాడు.

"ముందు దీని మీద."

అచ్చు అదిరిపోయింది. సుబ్బరత్నం గోడకి ఇద్దరూ కలిసి ఆ పంచె కట్టారు. దగ్గర్నించి చూస్తే గోడే గొంతెత్తి పిలుస్తున్నట్టుంది. కోటిలింగం గురువు మొహంలోకి చూశాడు. ఈసారైనా ఒక మాట అంటాడని ఆశ.

"రేపు పాసింజరెక్కు. వేటపాలెంలో దిగి వచ్చెయ్" అన్నాడాయన.

మర్నాడు రైలు చీరాల దాటింది. కోటిలింగం కిటికీ పక్కన కూర్చున్నాడు. సుబ్బరత్నం ఇల్లు వచ్చింది, పోయింది. గోడ మీద ఒక నల్లటి మరక కనబడింది. మసిగుడ్డ ఆరేసినట్టుంది. చెక్కినవాడు తనే అయ్యుండీ చదవలేకపోయాడు. ఆ పెట్టెలో అంతమంది ఉన్నా, తను ఎవరికీ పట్టని మనిషైపోయినట్టు అనిపించింది అతనికి.

నడుచుకుంటూ తిరిగొచ్చేసరికి గురువు ఆ చెక్కల్ని వరసగా పేర్చి కూర్చున్నాడు. ఒక అక్షరం తీసి, దాని మధ్యలో గింజంత మిగిలిన ఖాళీలో తన చిటికెనవేలు పెట్టబోయాడు. పట్టలేదు.

"తలుపు తీసే ఉందని రాశావు. లోపలికి చోటేదిరా?"

కోటిలింగం తల వంచుకున్నాడు. ఆ అక్షరాన్ని అందుకుని ఉలి పట్టాడు. లోపలి చెక్క తీస్తూపోయాడు. గీత చిక్కుతుంటే తన ఒళ్ళే చెక్కుతున్నట్టు బాధేసింది. పొగిడించుకున్న లావంతా ఒళ్ళో పొట్టుగా రాలింది. పాదాలు వెడల్పు చేశాడు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం పెంచాడు. గురువు పొయ్యి మీద అన్నం వండి, అడక్కుండానే ఇద్దరికీ వడ్డించాడు.

ఈసారి సుబ్బరత్నం గుడ్డ మీదే అద్దారు. కట్టిన మర్నాడు కోటిలింగం మళ్ళీ అదే రైలెక్కాడు.

సాయంత్రానికి కొట్టు చేరాడు. గురువు తలెత్తి అడిగాడు.

"అక్షరం ఎలా ఉంది?"

కోటిలింగం వచ్చి చెక్కపొట్టులో కూర్చున్నాడు.

"చూడలేదండి."

"ఏం?"

"నా ఎదుటి సీటులో ఒకాయన. రైలు చీరాలలో కదలగానే తువ్వాలు కప్పుకుని మొహం అటు తిప్పేసుకున్నాడు. గోడ దగ్గరికొచ్చేసరికి ఎందుకో ఇటు తిరిగాడు. అలాగే లేచి వాకిలి దగ్గరికి పోయి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఇల్లు కనబడినంతసేపూ వెనక్కే చూశాడు. నేను ఆయన్నే చూశాను."

"దిగాడా?"

"వేటపాలెంలో జనం తోసుకున్నారండి. మళ్ళీ కనబడలేదు."

ఈశ్వరాచారి లేచి ఆ టేకు అక్షరాలు ఒక్కొక్కటే తుడిచి, తన అక్షరాలుండే అరలో పెట్టాడు.

"అయితే ఈసారి చెక్కావు" అన్నాడు.