ఎడ్విన్ పిలవని పేరు

బిట్రగుంట రైల్వే కాలనీలో ఎడ్విన్ అనే గిటారు వాద్యగాడు ఉండేవాడు. చేతిలో మంచి విద్య ఉంది గాని, పక్కవాడికి చప్పట్లు దక్కితే ఓర్చుకోలేకపోయేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్త రోజులవి. మద్రాసు రేవులో దిగిన నావికులు అమెరికా పల్లెపాటల గ్రామఫోను ప్లేట్లు తెచ్చి, పాతసామాన్ల అంగళ్లలో అమ్ముకుని పోయేవారు. ఆ పాటల్లో ఒక రకాన్ని బూగీ అంటారు. అదెలా ఉంటుందంటారా? గూడ్సుబండి స్టేషను దాటి వేగం అందుకుంటుంటే చక్రాల చప్పుడు విన్నారు కదా, గిటారు మీద అదే నడక. ఆ నడక మీద సరదా మాటల పాట. రైళ్ల ఊరిలో పుట్టినవాడికి అంతకన్నా దగ్గరి పాట ఏముంటుంది? ఎడ్విన్ ఆ ప్లేట్లు వినీ వినీ బూగీ నేర్చుకున్నాడు. శనివారం సాయంత్రాలు రైల్వేవాళ్ల క్లబ్బు అయిన ఇన్‌స్టిట్యూట్ హాల్లో డాన్సు ఉందంటే గిటారు అతనిదే.

అతని పక్కన సాల్మన్‌రాజు మౌతార్గాన్ ఊదేవాడు. సాల్మన్‌రాజు ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. ఎడ్విన్ కన్నా ఏడేళ్లు పెద్ద.

బూగీ పాటకు ఒక మర్యాద ఉంది. అది ముందే చెబుతాను, లేకపోతే ఈ కథ అర్థం కాదు. పాట మధ్యలో పాడేవాడు ఆగుతాడు. తన జట్టులో ఒకరిని పేరు పెట్టి గట్టిగా పిలుస్తాడు. పిలిపించుకున్నవాడు ముందుకొచ్చి పన్నెండు ఆవర్తాలు తన విద్య చూపిస్తాడు. పిలవనిదే ఎవరూ ముందుకు రారు. వెనక వాయించేవాడి పేరు లోకానికి తెలిసేది ఆ ఒక్క పిలుపుతోనే.

ఎడ్విన్ మాత్రం ఎవరినీ పిలిచేవాడు కాదు. ఆ చోటు రాగానే తనే ముందుకు వచ్చి గిటారు వాయించేసేవాడు.

"ఏరా, ఈ వారమన్నా నా వంతు వస్తుందా? లేకుంటే నన్ను దిష్టిబొమ్మలా నిలబెట్టేసినట్టేనా?" అని సాల్మన్‌రాజు నవ్వుతూ అడిగేవాడు.

"నీ పేరు కాలనీలో తెలియనిది ఎవరికి అన్నా? కొత్తగా పిలిచేదేముంది!" అనేవాడు ఎడ్విన్.

కొన్నేళ్లకు మద్రాసులో ఒక గ్రామఫోను కంపెనీ నుంచి కబురు వచ్చింది. ఎడ్విన్ పాటను ప్లేటుగా వేస్తారట. ఇద్దరూ సెలవు పెట్టి పాసింజరు ఎక్కారు. గూడూరు దాటాక సాల్మన్‌రాజు మెల్లగా నోరు విప్పాడు.

"ఎడ్విన్, ఒక్కటి అడుగుతా. ప్లేటు మీద నీ పేరే అచ్చువేస్తారు. వేసుకోనీ. పాట మధ్యలో ఒక్కసారి నా పేరు పిలువు. మా నాయన సంగతి నీకు తెలుసు కదా. 'ఇంజన్లో ఊదింది చాల్లేదా, ఇంటికొచ్చి కూడా ఊదతా ఉండావు' అంటాడు. ఆయన చెవిన నా పేరు పడాలరా. బతికుండగానే పడాల."

"అంతగా అడగాలా అన్నా? పిలుస్తాను. ప్రమాణం," అన్నాడు ఎడ్విన్. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు.

రికార్డింగు గదిలో అందరికీ కలిపి ఒకటే మైకు. వాయించేవాడు దగ్గరకు రావాలంటే పాడేవాడు పక్కకు తప్పుకోవాలి. ఎర్రబల్బు వెలిగింది. పాట మొదలైంది. ఎడ్విన్ వేళ్లు ఆ రోజు ఎన్నడూ లేనంత చక్కగా కదిలాయి. పేరు పిలిచే చోటు వచ్చింది. సాల్మన్‌రాజు మౌతార్గాన్ పెదవులకు ఆనించి ఒక అడుగు ముందుకు వేశాడు.

ఎడ్విన్ కదల్లేదు. 'ఈ పన్నెండు ఆవర్తాలు నేనే వాయిస్తే దేశమంతా నా గిటారే వింటుంది' అనుకున్నాడు. గిటారును మైకు దగ్గరకు ఎత్తి వాయించేశాడు. సాల్మన్‌రాజు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పాట బాగా వచ్చింది కదన్నా?" అని బయటికొచ్చాక ఎడ్విన్ అడిగాడు.

"వచ్చిందిరా," అన్నాడు సాల్మన్‌రాజు.

ప్లేటు వచ్చిన రోజు కాలనీ అంతా హాల్లో చేరింది. సాల్మన్‌రాజు తండ్రి ముందు వరసలో కూర్చుని, చెవి వెనక చెయ్యి పెట్టుకుని విన్నాడు. పాట అయిపోయింది.

"ఏదిరా నీ పేరు?" అన్నాడు ముసలాయన.

"వచ్చే ప్లేటులో వస్తుంది నాయనా," అన్నాడు సాల్మన్‌రాజు. ఆ శనివారం నుంచి అతను డాన్సుకు రాలేదు. పోట్లాడలేదు, నిష్ఠూరమాడలేదు. రాలేదు, అంతే.

ఎడ్విన్‌కు దిగులు పడే తీరిక లేదు. ప్లేటు బాగా అమ్ముడుపోయింది. బెంగుళూరు, బొంబాయి, కలకత్తా హోటళ్లు పిలిచాయి. ఏ ఊరికి వెళితే ఆ ఊళ్లోనే వాద్యగాళ్లను కూలికి మాట్లాడుకునేవాడు. పేర్లు అడిగేవాడు కాదు. "ఏయ్ పియానో", "ఏయ్ డ్రమ్ము" అనేవాడు. హోటలు గదిలో ఒక్కడే తినేవాడు, ఒక్కడే గిటారు శ్రుతి చేసుకునేవాడు. బాగుందో లేదో చెప్పే మనిషి లేడు.

ఒక క్రిస్మస్ పండగకు కలకత్తాలో పెద్ద డాన్సు జరిగింది. ఐదారు వందల మంది వచ్చారు. పాట మధ్యలో ఎడ్విన్ ఆగి, ఎప్పటిలాగే తనే గిటారు వాయించబోయాడు. సరిగ్గా అప్పుడే తీగ తెగి చేతికి తగిలింది. ఇప్పుడు ఎవరినో ఒకరిని పిలవాలి. అతను వెనక్కి తిరిగాడు. "అందుకో..." అన్నాడు. ఆపైన మాట రాలేదు. కూలికి వచ్చిన ముగ్గురు వాద్యగాళ్లు అతని వైపే చూస్తున్నారు. ఒక్కరి పేరూ అతనికి తెలియదు.

పియానో ముందున్న పెద్దమనిషి వాద్యం ఆపి, "ఎవర్ని పిలుస్తున్నారు సార్?" అని అడిగాడు. వెటకారంగా కాదు, తెలియకే అడిగాడు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాట్యం ఆగిపోయింది.

మరుసటి వారం ఆ హోటలు వేరే జట్టును పెట్టుకుంది. తర్వాత కొత్త రకం పాటలు వచ్చాయి. ఎడ్విన్‌ను పిలిచే ఊళ్లు తగ్గిపోయాయి. చివరికి అతను గిటారు పట్టుకుని బిట్రగుంటలో దిగాడు.

సాల్మన్‌రాజు క్వార్టరు ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. ఎడ్విన్‌ను చూసి, "ఎండన పడి వచ్చావేరా," అని లోపలికి కేకేసి టీ తెప్పించాడు.

"అన్నా, నాదే తప్పు. మళ్లీ మొదలుపెడదాం. ప్రతి పాటలోనూ నీ పేరు పిలుస్తాను," అన్నాడు ఎడ్విన్.

"బొగ్గుపొడి రొమ్ములో చేరింది. ఊదితే దగ్గు తెర ఆగదు. మౌతార్గాన్ ఎప్పుడో ఎవరికో ఇచ్చేశా."

"వాయించకపోయినా సరే, ఊరికే పక్కన నిలబడు. నీ పేరు పిలుస్తాను."

సాల్మన్‌రాజు నవ్వాడు. "పిచ్చోడా! ఆ ప్లేటు వచ్చిన మరుసటేడే మా నాయన పోయాడు. ఇప్పుడు పిలిచి ఎవరికి వినిపిస్తావు?"

ఎడ్విన్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"కోపం లేదురా నాకు. ఉంటే టీ ఇస్తానా? చల్లారిపోతా ఉంది, తాగు," అన్నాడు సాల్మన్‌రాజు.

ఎడ్విన్ టీ తాగి, సెలవు తీసుకుని స్టేషనుకు నడిచాడు. మద్రాసు బండికి ఇంకా రెండు గంటలుంది. ప్లాట్‌ఫారం బెంచీ మీద గిటారును పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఒక ముసలమ్మ వచ్చి, "ఇక్కడ ఎవరన్నా ఉండారా నాయనా?" అని అడిగింది.

"ఎవరూ లేరమ్మా," అన్నాడు ఎడ్విన్. గిటారు తీసి ఒళ్లో పెట్టుకుని, ఆమెకు చోటిచ్చాడు.

నీతి: తోడున్నవాడికి దక్కాల్సిన పేరు దక్కవలసిన రోజునే ఇవ్వాలి, గడువు దాటాక ఇస్తామన్నా అందుకునేవారు ఉండరు, ఇవ్వనివాడికి తోడూ మిగలదు.