ఎడమ బుర్ర

కొండ దిగువ ఊళ్లో ఒక ఆమెకు కిన్నెర ఉండేది. వెదురు బొంగుకు రెండు సొరబుర్రలు కట్టిన కిన్నెర. కుడి బుర్ర పైస్వరాలకు, ఎడమ బుర్ర మంద్రానికి. ఆ ఊళ్లో ఆడపిల్ల ఈడేరిన ఏడాది ఆమెకంటూ ఒక కిన్నెర కడతారు. అది పోతే మరొకటి కట్టరు. ఒకరి కిన్నెరను ఇంకొకరు ముట్టుకోరు, దాని మంచిచెడ్డలు నలుగురిలో మాట్లాడరు. అది అక్కడి మర్యాద.

ఒక వానాకాలం ఆమె వేళ్లకు ఎడమ బుర్ర అడుగున ఆవగింజంత బెజ్జం తగిలింది. కిన్నెర మెట్లు అతికించే తేనెమైనం ఇంట్లో ఉండనే ఉంది. చిటికెడు తీసి పూడ్చేసింది. నెల తిరిగేసరికి పక్కనే ఇంకో బెజ్జం. మళ్లీ మైనం.

“ఏమే, నీ ఎడమ బుర్రకు పడిశం పట్టిందా? మూలుగుతోంది,” అన్నాడు భర్త.

“వాన గాలికి.”

అతను నవ్వి పనికి పోయాడు.

ఆమెకు ఇష్టమైన పాట ఒకటుంది. అందులో ఒకడు ఏటి ఇవతల నిలబడి అవతలి గట్టు మీది మనిషిని పిలుస్తాడు. పిలుపు కుడి బుర్రది, జవాబు ఎడమ బుర్రది. జవాబు మోగినప్పుడల్లా ఆమె పక్కటెముకల్లో చిన్న వణుకు పుట్టేది. దానికోసమే ఆ పాట వాయించేది. నాలుగో నెలలో ఒక సాయంత్రం పిలుపు వెళ్లింది, జవాబు రాలేదు.

మర్నాడు కిన్నెరను చీరచెంగులో చుట్టుకుని ఏటి ఒడ్డున బాగుచేసేవాళ్ల పాకకు వెళ్లింది. అక్కడ ముగ్గురున్నారు. కత్తి పట్టేవాడు, నిప్పుల మూకుడు పట్టే ఆమె, చేదునీళ్లు కాచే ముసలమ్మ.

ముసలమ్మ బుర్రను వేలి కణుపుతో తట్టి చెవి ఆనించింది. పరాయి చెయ్యి పడగానే ఆమె ముడుచుకుపోయింది. ముసలమ్మ సూదితో చిటికెడు పొడి తీసి వెలుగులో చూసింది.

“పుచ్చు పురుగే తల్లీ. ఈ మైనం ఎవరు పెట్టారు?”

ఆమె వేళ్లను చెంగులో దాచుకుంది.

“సిగ్గుపడకు. పాకలోకి వచ్చినవాళ్లలో మైనం పెట్టకుండా వచ్చినవాళ్లు తక్కువే.”

కత్తి పట్టేవాడు బుర్రను తిప్పి చూశాడు. “ఒక్కచోటే అయితే పుచ్చినంత మేర కోసి అతుకేసేవాణ్ని. తర్వాత ఈవిడ పొగ పెట్టేది.”

“ముప్పై రోజులు, రోజుకు కాసేపు,” అంది నిప్పులావిడ. “కాస్త కమురుతుంది. అంతే.”

“అతుకేస్తే మంద్రం ఉంటుందా?”

“చాలావరకు ఉండేది. కానీ ఇది లోపల రెండు మూలలా పుచ్చిందమ్మా. మొత్తం తీయాలి.”

“నా దిగులు బుర్ర గురించి కాదు,” అంది ముసలమ్మ. “గుడ్లు బొంగులోకి చేరాయేమోనని. బొంగు పోతే కిన్నెరే పోతుంది. ముందు చేదునీళ్లు అంతటా పట్టిస్తాను. తీగలన్నీ ఊడతాయి, ఏడవకు. మళ్లీ వస్తాయి.”

“మంద్రం?”

ముగ్గురూ ఏటివైపు చూశారు.

చేదునీళ్లతోనే చలికాలం గడిచింది, తీగలు ఊడాయి. బుర్ర తీసిన రోజు కత్తి పట్టేవాడు అడిగాడు: “కొత్త బుర్ర కట్టనా? కొందరు కట్టించుకుంటారు, వాళ్లకు అది నిండుగా ఉంటుంది.”

“పలుకుతుందా?”

“చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. పలకదు.”

“అయితే నాకు వద్దు.”

మరుసటేడు తీగలు బిగిశాయి. ఆమె మళ్లీ వాయించింది. జవాబు దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఎత్తి, ఆ స్వరం మోగేంతసేపూ ఊరుకుంది. విన్నవాళ్లు ఆ ఊరుకోవడం చాలా బాగుందన్నారు. ఆమె మాత్రం ప్రతిసారీ అవతలి గట్టు వైపు చెవి పెట్టేది.

కూతురికి ఈడు వచ్చింది. కిన్నెర కట్టారు. ఆ పిల్ల మొదట వాయించింది ఆ పాటే. జవాబు దగ్గర వేళ్లు ఎత్తేసింది.

“ఎందుకు ఆపావు?”

“నువ్వు ఆపుతావుగా అమ్మా.”

“అక్కడ ఒక స్వరం ఉందే.”

ఆమె చెయ్యి చాచి, మర్యాద గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. పిల్ల తన కిన్నెరను తల్లి ఒళ్లోకి నెట్టింది. ఆమె ఎడమ బుర్రను కణుపుతో తట్టి వింది. అడుగున తడిమింది, అంచులు తడిమింది. తర్వాత కుడి బుర్ర.

“ఎవరికి వాళ్లు నెలకోసారి ఇలా తట్టుకోవాలి. ఇప్పుడు వాయించు.”

పిలుపు వెళ్లింది. అవతలి గట్టు నుంచి జవాబు వచ్చింది. అది ఆగేదాకా ఆమె అరచెయ్యి తన ఎడమ పక్కటెముకల మీద ఉంది.

“మళ్లీ వాయించనా?”

“వాయించు. ముందు నీ తేనెమైనం ఉండ ఇటియ్యి.”

“మెట్టు ఊడితే ఎలా?”

“నా దగ్గరికి రా,” అంది ఆమె, మైనాన్ని కొంగున ముడేసుకుంటూ. “ఎందుకు కావాలో చెప్పి తీసుకెళ్లు.”