చేతికి తగిలిన కదలిక

“మన పని బాగుందో లేదో మనకెట్లా తెలిసేది మేస్త్రీ?”

పందేనికి ముందురోజు సాయంత్రం మాల్యాద్రి అడిగిన ప్రశ్న ఇది. క్వాడ్ బైకు ఎయిర్ ఫిల్టరును కిరసనాయిలులో ఉతికి, పిండి, నీడన ఆరబెడుతూ అడిగాడు. జవాబు కావాలని కాదు, అలసట అడిగించింది. నాలుగు చక్రాల ఆ పందెపు బండి ఒక్కసారి ఇసకలో తిరిగి వచ్చిందంటే చైను దగ్గర్నుంచి బ్రేకుల దాకా ప్రతి సందులోనూ ఇసకే. విప్పడం, కడగడం, గ్రీజు పెట్టడం, బిగించడం. మళ్లీ పందెం, మళ్లీ విప్పడం. గెలిస్తే దండ నడిపిన మనిషి మెడలో పడుతుంది. మధ్యలో ఆగిపోతే తిట్లు మేస్త్రికి. ఏమీ కాకుండా తిరిగొస్తే ఆ బండిని ఎవరో చూసుకున్నారన్న సంగతే ఎవరికీ గుర్తు రాదు. షెడ్డులో చేరిన కొత్తలో మాల్యాద్రికి ఈ పని మీద మోజుండేది. ఇప్పుడు నడుం నొప్పి మిగిలింది.

ఏసుపాదం మేస్త్రి జవాబు చెప్పలేదు. నెల్లూరు శివార్లలో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ ఆయన తీరు తెలుసు. ప్రశ్న వింటాడు, తల ఊపుతాడు, తన పనిలో పడతాడు. జవాబు ఎప్పుడో వస్తుంది. ఒక్కోసారి రాదు.

మర్నాడు సముద్రం పక్కన, సరుగుడు తోటల మధ్య ఇసక మైదానంలో పందేలు. వాళ్లు చూసుకునే బండి మధులతది. రొయ్యల గుంటల గట్ల మీద నాన్న పాత బండి తోలుతూ పెరిగిన పిల్ల. ఆ రోజు ఫైనలు గెలిస్తే ఒక పెద్ద కంపెనీ జట్టులో చోటు దొరుకుతుంది. లేకపోతే మళ్లీ ఏడాది ఎదురుచూడాలి. పొద్దున జరిగిన రెండు రౌండ్లలోనూ ఆమే ముందు వచ్చింది. ఫైనల్లో ఎవరు గెలుస్తారో అక్కడ ఎవరూ ఎవరినీ అడగడం లేదు.

ఫైనలుకు పిలిచేలోగా మేస్త్రి బండి ముందు భాగాన్ని దిమ్మ మీదికి ఎత్తించి, ఒక్కో చక్రాన్నీ పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు. ఎడమ చక్రం దగ్గర ఆగాడు. మళ్లీ ఊపాడు.

“అబ్బయా, నువ్వు పట్టుకో.”

మాల్యాద్రి పట్టుకుని ఊపాడు. “బిగువుగానే వుంది మేస్త్రీ.”

“ఇంకోసారి చూడు.”

“ఏమీ లేదు.”

మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఆ చక్రాన్ని పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా లేచి చేతులు తుడుచుకున్నాడు.

“ఈ బండిని పందెంలోకి దించొద్దమ్మా” అన్నాడు.

మధులత అప్పటికే హెల్మెట్టు పెట్టుకుని వుంది. తమాషాకు అన్నాడనుకుని నవ్వింది. ఆయన ముఖం చూసి నవ్వు ఆపింది.

“ఏంది మేస్త్రి గారూ? ఏం కనపడింది?”

“కనపడలా. చేతికి తగిలింది. చక్రాన్ని పట్టుకుని వుండే కీలులో ఏదో కదలిక వుంది. అది వూడిందంటే ఆ వేగంలో బండి తిరగబడుద్ది.”

“విప్పి చూడండి మరి.”

“విప్పితే ఫైనలు లోపల బిగించలేం. మార్చడానికి వేరేది కూడా లేదు. కొత్తవి ఇంకా రాలా.”

మేస్త్రి సరేనని చెప్పకుండా ఏ బండినీ బయల్దేరే గీత దగ్గరికి రానివ్వకపోవడం ఆ పందేల నియమం. ఆ ఒక్క మాట కోసం మధులత బతిమాలింది, అరిచింది. మళ్లీ బతిమాలింది. ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఆమె మాల్యాద్రి వైపు తిరిగింది.

“అన్నా, నువ్వూ చూశావు గదా. నువ్వు చెప్పు. ఏమన్నా వుందా?”

మాల్యాద్రి చేతికి ఏమీ తగల్లేదు. ఆ సంగతి చెబితే చాలు, ఆమె పోయి పందెం పెద్దలతో కొట్లాడుతుంది. పంపినా పంపుతారు. అయినా “మేస్త్రి మాటే నా మాట” అన్నాడు. అది తన నమ్మకమో, భయమో అతనికే తెలియలేదు.

ఫైనలు ఆమె లేకుండా జరిగింది. మధులత తాడు దగ్గర నిలబడి చివరిదాకా చూసింది. ఆ ఎండలో కూడా హెల్మెట్టు తియ్యలేదు. పొద్దున రెండుసార్లు ఆమె వెనక వచ్చిన కుర్రవాడు గెలిచాడు. అతనికి దండ వేస్తుంటే ఈల వేసిన వాళ్లలో ఇంతకుముందు ఆమెకు ఈల వేసినవాళ్లూ వున్నారు.

ఇక్కడ గురుశిష్యులిద్దరూ కీలు విప్పారు. కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి, పైన సుద్దపొడి చల్లారు. లోహంలో వెంట్రుకంత చీలిక వున్నా లోపల దాగిన నూనె ఊరి, పొడి మీద గీతలాగా బయటపడుతుంది. ఇద్దరూ ఒంగి ఎదురుచూశారు. పొడి తెల్లగానే వుంది. తుడిచి మళ్లీ చల్లారు. తెల్లగానే వుంది. కీలులో తిరిగే ఇనప గుండు నున్నగా, కొత్తదానిలా మెరుస్తోంది.

“నిజంగా తగిలిందా మేస్త్రీ?”

“తగిలింది.”

“మరి ఏమీ లేదే.”

“లేదు.”

ఆయన పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. ఆ ఘడియలో ఆయన వయసు మాల్యాద్రికి మొదటిసారి కనపడింది.

మధులత రావడం మాల్యాద్రి చూశాడు. చీలిక వుందమ్మా అంటే సరిపోతుంది. ఆమె చేతులెత్తి దండం పెడుతుంది, మేస్త్రి పరువు నిలుస్తుంది. కీలును గుడ్డలో చుట్టేస్తూ అతను నోరు తెరిచాడు. మేస్త్రి ఆ గుడ్డ లాక్కుని, విప్పి, ఆమె ముందు పెట్టాడు.

“ఏమీ లేదమ్మా. నా చెయ్యే పొరబడింది. నీ పందెం నేను పోగొట్టాను.”

ఆమె కీలును చూసింది. ఆయన్ని చూసింది. తిడుతుందనుకున్నాడు మాల్యాద్రి. తిట్టినా బాగుండేది.

“వచ్చి బండి తీసకపోతా. ఇంక మీరు చూడొద్దు” అని వెళ్లిపోయింది.

ఆ వారం కొత్త కీళ్లు వచ్చాయి. మేస్త్రి రెండు పక్కలా మార్చాడు. అంతటితో ఆగలేదు. వెనక ఇరుసు విప్పి బేరింగులు కడిగాడు, ఇంజను ఆయిలు మార్చాడు, రేపే ఫైనలు వున్నట్టు ప్రతి బోల్టూ సరిచూసి బిగించాడు. మాల్యాద్రికి ఒళ్లు మండింది.

“ఇంక మనది కాని బండికి ఇంత చాకిరీ ఎందుకు మేస్త్రీ? ఆమెకు తెలియబోతుందా?”

“తెలియదు. ఆ పక్క పట్టుకో” అన్నాడాయన.

మధులత చిన్న లారీ తెచ్చుకుని వచ్చింది. పలకరించలేదు. ఇంజను ఒక్క నొక్కుకే అందుకుంది. మాల్యాద్రి సాయానికి వెళ్తే చేత్తోనే వద్దని సైగ చేసి, పలకల మీదుగా బండిని తనే లారీలోకి ఎక్కించి, తాళ్లు బిగించి కట్టి, దుమ్ము రేపుకుంటూ పోయింది.

మేస్త్రి గడపలో నిలబడి లారీ మలుపు తిరిగిందాకా చూశాడు. మాల్యాద్రికి ఇక ఆగబుద్ధి కాలేదు.

“ఇప్పుడన్నా చెప్పండి మేస్త్రీ. మనం చేసిన పని బాగుందా, లేదా?”

మేస్త్రి లోపలికి తిరిగాడు. నడుం పట్టుకుని నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నాడు.

“మనిషి కులాసాగానే వుంది గదా అబ్బయా” అన్నాడు. “కోపం వుంటే వుండనీలే.”