బంతులు కుట్టిన పుల్లక్క

అనగా అనగా, మీ తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో ఒక రాజ్యం. ఆ రాజ్యానికి రాజున్నాడో లేడో ఎవరికీ పట్టలేదు గానీ, మూడు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు మాత్రం ఉండేవి. ఎర్రోళ్ళు, పచ్చోళ్ళు, నీలాలోళ్ళు. కప్పు ఎప్పుడూ ఆ మూడిళ్ళలోనే తిరిగేది. జనానికి ఎంత పిచ్చంటే, ఎర్రోళ్ళ పిల్లను పచ్చోళ్ళింటికి ఇచ్చేవాళ్ళు కాదు!

ఆ మూడు క్లబ్బులకూ తోలు బంతులు కుట్టేది పుల్లక్క ఒక్కతే. కుట్టీ కుట్టీ చూపు మందగించింది. కళ్ళు పూర్తిగా పోకముందే తన బంతి ఎగరడం ఒక్కసారి చూడాలని ఆమె ఆశ. అంతకుమించి ఏమీ కోరలేదు, పిచ్చితల్లి.

కప్పు ఆట రోజున ఎర్రోళ్ళ గేటు దగ్గరికి వెళ్ళింది.

"ఎవరి మనిషివే?" అన్నాడు గేటువాడు.

"బంతులు కుట్టేదాన్నయ్యా. ముగ్గురికీ కుడతా. అందరి మనిషిని."

"అందరి మనిషికి ఇక్కడ చోటు లేదు. పో అవతలికి!"

మరుసటేడు పచ్చోళ్ళ గేటు. అదే ప్రశ్న, అదే జవాబు, అదే గెంటుడు.

"ఓసి పిచ్చిదానా, 'మీ మనిషినే' అని ఒక్క అబద్ధమాడితే నీ సొమ్మేం పోయింది?" అని తిట్టింది పక్కింటి వీరనాగమ్మ.

"అట్లా అంటే మిగతా ఇద్దరూ నా చేతి బంతి ముట్టుకుంటారా వదినా?" అంది పుల్లక్క.

మూడో ఏడు నీలాలోళ్ళ గేటు. అక్కడా గెంటారు. అప్పటికి ఆమెకు అంతా మసకే. కంచె బయట కూలబడి, కేక వినిపించినప్పుడల్లా "బంతి ఎగిరిందా నాయనా?" అని అడిగింది. ఒక్కడూ పలకలేదు. ఆట ముగిసేసరికి అక్కడే ప్రాణం పోయింది.

అప్పుడొచ్చారండీ! ఎర్రోళ్ళు ఎర్రగుడ్డ కప్పి "మా మనిషి!" అన్నారు. పచ్చోళ్ళు దాన్ని లాగేసి "మా మనిషి!" అన్నారు. నీలాలోళ్ళు పాడె పట్టుకుని "మా మనిషి!" అన్నారు. గెలిచిన కప్పులన్నీ ఆమె చేతి చలవేనని ముగ్గురూ ఏడ్చారు. సిగ్గులేని జన్మలు! ఆ లాగులాటలో శవం రెండుసార్లు కిందపడింది.

ఇప్పటికీ ఆ వైపు, బతికుండగా మంచినీళ్ళివ్వనివాళ్ళు చచ్చాక దండ పట్టుకుని దిగితే, ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని అంటారు: "లేవండమ్మా, దారివ్వండి. పుల్లక్క చుట్టాలొచ్చారు."