గాజుల రత్తాలు, పది అడుగులు

అనగనగనగా, గాజుల చప్పుడు వినపడితే చాలు తలుపులు తెరుచుకునే ఒక ఊళ్ళో, రత్తాలు అని ఒకావిడ ఉండేదమ్మా. భుజాన గాజుల మలారం వేసుకుని వీధి వీధీ తిరిగేది. పిలిచిన వాళ్ళ గుమ్మంలో గొంతుక్కూర్చుని, చెయ్యి నలగకుండా గాజులు తొడిగేది.

ఒకరోజు మలారం ఎత్తబోతే నడుములోంచి మడమ దాకా నిప్పు పాకినట్టయింది. ఆస్పత్రికి మోసుకెళ్ళారు.

"ఇది సయాటికా, నడుము నరం నొక్కుకుపోయింది. బరువెత్తకు, గొంతుక్కూర్చోకు. అలాగని మంచానికీ అతుక్కుపోకు. పది అడుగులు నడువు, ఆగు, మళ్ళీ నడువు. నెలలు పడుతుంది" అన్నాడు డాక్టరు.

నెలలా! రెండు నెలల్లో కూతురు కోటేశ్వరికి సీమంతం. ఊళ్ళో ఆడపిల్లలందరికీ తొడిగిన చేతులు, సొంత కూతురికి తొడగొద్దూ?

అప్పుడేం చేసిందీ? నీలాగే మొండిది కదా, నొప్పి కాస్త తగ్గగానే మలారం ఎత్తింది. గడప దాటకుండానే కూలబడింది.

ఆ తర్వాత భయం పట్టుకుంది. కదిలితే నొప్పేమోనని పదిరోజులు మంచం దిగలేదు. కాలు కర్రలా బిగుసుకుపోయింది. గోడకేసి తిరిగి ఏడ్చింది తల్లీ, ఒక ఏడుపా అది!

ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని నడిచింది. మంచం నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి నూతి దాకా. కానీ ఆశ ఊరుకుంటుందా? సీమంతం ముందురోజు, ఎలా ఉందో చూద్దామని గొంతుక్కూర్చుంది. ఇద్దరు పట్టుకుని లేపాల్సొచ్చింది.

మర్నాడు పీట మీద కోటేశ్వరి, ఎదురుగా పక్కూరి గాజులావిడ. రత్తాలు గుంజ పట్టుకుని నించుంది. ఒక్కో గాజూ కూతురి చేతికెక్కుతుంటే, 'నా పని అయిపోయింది, ఇంక నేనెందుకు' అనుకుంది.

అప్పుడు కోటేశ్వరి గాజులావిడతో, "ఆఖరిది ఆపు పిన్నీ" అంది. కడుపు పట్టుకుని మెల్లగా లేచి, తల్లి ముందుకొచ్చి, ఆ గాజు ఆవిడ చేతికిచ్చి, తన చెయ్యి చాపింది.

"నువ్వు కూర్చోవద్దులే అమ్మా. నేనే నించుంటాను."

రత్తాలు తొడిగింది, ఒకే ఒక్క గాజు. చెయ్యి నలగలేదు.

నొప్పి పోయిందా అంటావా? లేదమ్మా. మలారం మళ్ళీ ఆ భుజం ఎక్కనే లేదు. మర్నాడు పొద్దున్నే లేచి పది అడుగులు నడిచింది, ఆగింది, ఏడ్చింది, మళ్ళీ నడిచింది.

ఆగి ఆగి కథ కంచికి,
అడుగులో అడుగేస్తూ మనం ఇంటికి.