ఒకే వానలో

ఆ శ్రావణంలో పుష్యుడి కాళ్ళు నేలమీద ఆనడం లేదు. గురువుకు కూడా తట్టని సంగతి ఒకటి తనకు తట్టిందని అతని నమ్మకం.

కృష్ణ ఒడ్డున కొండమీద ఉన్న బౌద్ధ విహారంలో అతడు పడుచు భిక్షువు. అక్కడి పెద్ద భిక్షువుల్లో ఒకరైన భద్రనంది స్థవిరుడి దగ్గర వైద్యం నేర్చుకుంటున్నాడు. ఆ విహారానికి పేరు తెచ్చింది శిల్పాలు కాదు, వైద్యశాల. దిగువ పొలాల్లో నాట్లు వేసేవాళ్ళు, నదిలో పడవలు నడిపేవాళ్ళు, ఎవరి కాలికి పుండైనా ముందు కొండెక్కేవాళ్ళు. "మా కొండమీది కట్టు" అని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పరాయివాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోదగ్గదే మరి.

అయితే ఆ కట్టులో రెండు పద్ధతులుండేవి. ఎవరూ ఆలోచించి పెట్టినవి కావు, భిక్షువుల బతుకును బట్టి ఏర్పడినవి. వానాకాలం నెలల్లో భిక్షువులు ఊళ్ళు తిరగకూడదు, ఒకేచోట ఉండిపోవాలి. కాబట్టి ఆ నెలల్లో రోగి రోజూ వస్తాడు. రోజూ పుండు కడిగి, వేపనూనె రాసి, కొత్త కట్టు కడతారు. కట్టు లేని పూట ఉండదు. వానలు వెళ్ళాక భిక్షువులు ఊళ్ళమీద పడతారు. అప్పుడు ఆ దారిన వచ్చిన రోజే కట్టు. మధ్య రోజుల్లో కాలిని గాలికి వదిలేయడమే.

పుష్యుడికి జ్ఞాపకశక్తి ఎక్కువ. ఏ ఏడు ఎవరి కాలు మానిందో, ఎవరిది మొరాయించిందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. వాటన్నిటినీ నెమరు వేసుకుంటుంటే ఒకటి కనబడింది. వానల్లో రోజూ కట్టిన పుండ్లు ఒక పట్టాన మానలేదు. ఎండల్లో ఎప్పుడో ఒకసారి కట్టినవి ఇట్టే మానాయి. తాను చూసిన ప్రతి ఏడూ అంతే.

"విడవకుండా కట్టడమే తప్పు, భంతే," అన్నాడు గురువుతో. "మందుకు విరామం ఉండాలి. పుండుకు ఊపిరాడాలి. ఒకరిద్దరిని చూసి అనడం లేదు. నేను వచ్చినప్పటినుంచి ఇక్కడికి వచ్చిన ప్రతి కాలినీ చూసి అంటున్నాను."

"ప్రతి కాలూ గుర్తుందా?"

"ప్రతి కాలూ."

భద్రనందికి లోపల గర్వంగానే ఉంది. కట్టు కట్టి చేతులు దులుపుకున్న శిష్యులే ఆయనకు తెలుసు. కట్టిన తర్వాత ఏమైందని వెనక్కి తిరిగి చూసినవాడు ఇతడొక్కడే. పైకి మాత్రం ఊఁ అని ఊరుకున్నాడు.

ఆ ఊఁ చాలు పుష్యుడికి. విహారమంతా చాటేశాడు. పున్నమినాటి సంఘంలో విషయం పెట్టాలని, పెద్దలు ఒప్పుకుంటే మర్నాటినుంచి రోజూ కట్టడం మానేయాలని మాట నడిచింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాణ్ణి చూశాం గానీ, ఆ కుందేలును కొండమీద ఊరేగించినవాడు ఇతడే.

మాట కొండ దిగి పొలాల్లోకీ వెళ్ళింది. మూలసిరి చెవిన పడింది. ఆమె నాట్ల గుంపుకు పెద్ద. ఆమె పాట ఎత్తుకుంటేనే తక్కిన ఆడవాళ్ళ చేతులు కదిలేవి. ఆ ఏడు ఆమె రెండు పాదాలకూ వేళ్ళ సందుల్లో పుండ్లు పడి, చిటికెన వేళ్ళ పక్కన నల్లబడుతోంది.

"పున్నమి దాటాక రోజూ రావద్దంటారంట, నిజమేనా అయ్యా?" అని అడిగింది పుష్యుణ్ణి.

"నిజమేనమ్మా. నీ మంచికే."

"ఈ కాళ్ళు బురదలో దిగకపోతే మా ఇంట్లో పొయ్యి రాజదు. అయినా మీరు వద్దంటే వద్దు. మీ చేతిమీద నాకు గురి."

ఆ మాటకు పుష్యుడి ఛాతీ ఇంకొంచెం పొంగింది.

పున్నమి పొద్దున వాన పడుతూనే ఉంది. భద్రనంది శిష్యుణ్ణి పిలిచి, దండెంమీది తన చీవరం తెమ్మన్నాడు. తెచ్చాడు. ఆ కాషాయ వస్త్రం ఇంకా చెమ్మగా ఉంది, ముక్కిపోయిన వాసన కూడా వేస్తోంది.

"ఎప్పుడు ఆరేశావు?"

"మొన్న పొద్దున, భంతే. సావడిలోనే ఆరేశాను. పగలూ రాత్రీ దండెంమీదే ఉంది."

"చైత్రంలో ఎంతసేపు ఆరేసేవాడివి?"

"అప్పుడెంతసేపు! భిక్షకు వెళ్తూ వేస్తే తిరిగొచ్చేసరికి ఫెళఫెళలాడేది."

"అలాగా," అన్నాడు భద్రనంది. చీవరాన్ని తీసుకుని, అంచులు కలిపి, పొందికగా మడత పెట్టాడు. ఆ తడి మడతను శిష్యుడి భుజంమీద పెట్టాడు.

"అయితే ఎక్కువసేపు దండెంమీద ఉంచబట్టే ఇది ఆరడం లేదు. ఇకనుంచి దీన్ని అప్పుడప్పుడు మాత్రమే ఆరేద్దాం."

పుష్యుడు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

భుజంమీది చెమ్మ ఒంటికి తగులుతోంది. కింద పొలాల్లో ఆడవాళ్ళు మోకాటిలోతు నీళ్ళలో వంగి ఉన్నారు. తాను గుర్తుపెట్టుకున్న కాళ్ళన్నీ వరసగా కళ్ళముందుకు వచ్చాయి. వానాకాలంలో వచ్చిన ప్రతి కాలూ బురదలోంచి వచ్చిందే, కట్టు కట్టించుకుని మళ్ళీ బురదలోకి వెళ్ళిందే. ఎండల్లో చూసినవి పొడినేలమీద నడిచిన కాళ్ళు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

కాసేపటికి తల ఎత్తాడు. ముఖంలో మళ్ళీ వెలుగు.

"భంతే, అర్థమైంది! తలకిందులుగా చూశాను. విడవకుండా కట్టడమే మేలు. అంత బురదలో కూడా ఆ పుండ్లు ముదరకుండా ఆమాత్రం నిలిచాయంటే రోజూ కట్టబట్టే. సాయంత్రం సంఘంలో ఈ మాటే చెప్తాను."

"నిన్నటిదాకా కుందేలుకు మూడు కాళ్ళన్నావు," అన్నాడు గురువు. "ఇవాళ అయిదా?"

పుష్యుడు తెల్లబోయాడు.

"ఈ బట్ట మడిచిపెడితే ఆరుతుందా, దండెంమీద ఆరుతుందా?"

"దండెంమీదే, భంతే. అది ఎవరికైనా తెలుసు."

"బట్ట సంగతి తెలుసు. పుండు సంగతి?"

పుష్యుడు భుజంమీది తడి మడత విప్పాడు. చీవరాన్ని తీసుకెళ్ళి మళ్ళీ దండెంమీద వేశాడు.

మధ్యాహ్నం మూలసిరి కట్టుకు వచ్చింది. పుష్యుడు ఆమె రెండు పాదాలూ కడిగి, పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకే బురద, ఒకే వాన, ఒకే మనిషి. అతని చేయి కట్టుగుడ్డమీదే ఆగింది.

"అమ్మా, మొన్న నీతో అన్న మాట తెలిసి అన్నది కాదు. తెలుసుకోవాలంటే నీ సాయం కావాలి. ఒక కాలికి రోజూ కడతాను. రెండోదానికి విడిచి విడిచి కడతాను. నువ్వు సరేనంటేనే."

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"ఒకటి చెడిపోతుంటే?"

"చెడుతున్నట్టు కనబడిన పూటే ఆపేస్తాం. ఏ కట్టు మేలని కనబడితే అదే రెంటికీ."

"సరే అయితే. మా గుంపులో ఇంకా నలుగురున్నారు, వాళ్ళనూ అడగండి. నా కాళ్ళు ఎన్నడూ ఒకదాని మాట ఒకటి వినలేదు. ఏది నెగ్గుతుందో నేనూ చూస్తా."

సాయంత్రం సంఘం కూడింది. విహారంలోని భిక్షువులంతా వచ్చారు. పెద్ద స్థవిరుడు పుష్యుడి వైపు తిరిగాడు.

"ఏదో కనిపెట్టావట. చెప్పు నాయనా."

పుష్యుడు లేచి చేతులు జోడించాడు.

"రెండు పద్ధతుల్లో ఏది మేలో నాకు తెలియదు, భంతే."

సభలో గుసగుసలు బయల్దేరాయి. వెనకనుంచి ఎవరో, "మొన్నటిదాకా కొండంతా చాటావుగా," అన్నారు. కొందరు నవ్వారు.

"చాటాను," అన్నాడు పుష్యుడు. తల దించలేదు. "అప్పుడు కాళ్ళు చూశాను గానీ వాన చూడలేదు. ఇప్పుడు రెండూ చూస్తున్నాను. నాకే కాదు, ఇక్కడ ఎవరికీ తెలియదు. మనకు నేర్పినవాళ్ళకూ తెలియదు. రోజూ కట్టింది ఇక్కడ ఉన్నాం కాబట్టి. మానేసింది ఊళ్ళు తిరిగాం కాబట్టి."

నవ్వులు ఆగిపోయాయి. అంత మాట ఆ సభలో అంతకుముందు ఎవరూ అనలేదు. అది గర్వమే. అయితే మొన్నటి గర్వం కాదు.

మూలసిరి ఒప్పుకున్న సంగతి చెప్పాడు. ఒక్కరి కాళ్ళతో తేలదని, ఒప్పుకున్న వాళ్ళందరికీ అలాగే కడతానని చెప్పాడు.

"ఏ కాలికి ఏ కట్టో ఎవరు ఎంచుతారు? నువ్వేనా?" అని అడిగాడు పెద్ద స్థవిరుడు.

"నేను ఎంచను. నా మనసు ఇప్పటికే ఒక పక్షానికి మొగ్గింది, భంతే. అది మంచి కాలు చూసి తన పక్షానికి ఇచ్చుకుంటుంది. వాళ్ళనే గవ్వ వేయమంటాను. వెల్లకిలా పడితే కుడికాలికి రోజూ, బోర్లా పడితే ఎడమకాలికి."

పెద్ద స్థవిరుడు భద్రనంది వైపు చూశాడు. శిష్యుడు గురువును కూడా తెలియనివాళ్ళలో కలిపేశాడు కదా, ఏమంటాడోనని అందరూ చూశారు.

భద్రనంది నెమ్మదిగా లేచాడు. ముసలి కళ్ళు చెమర్చి ఉన్నాయి, దాచుకోలేదు. ఒక శిష్యుడు మాట్లాడిన తర్వాత ఆయన లేచి నిలబడటం ఆ సభ ఎప్పుడూ చూడలేదు.

"పుండు మానిందో లేదో చూసి చెప్పే పని నాకివ్వు, పుష్యా," అన్నాడు. "రెండు కాళ్ళ కట్లూ విప్పి, కడిగాక నన్ను పిలువు. ఏ కాలికి ఏ కట్టో మాత్రం నాకు చెప్పకు."