ఆరు మూలల బొంత

అనగనగా కొండవాలున ఒక ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. ఆమె తమ్ముడికి కొడుకు పుట్టాడు. ఆ ఊళ్ళో పసివాణ్ణి ఉయ్యాల్లో వెయ్యాలంటే మేనత్త బొంత కుట్టాలి. అందులో ఇంటికో పాతచీర ముక్క పడాలి. ఒక్క ఇంటి ముక్క తగ్గినా ఉయ్యాల ఊపరు.

అప్పుడు ఇంటింటి నుంచీ ముక్కలొచ్చాయి. అన్నీ గుండ్రంగానే! పసివాడికి మూల గుచ్చుకుంటుందని ఆడవాళ్ళందరూ కంచం బోర్లించి, చుట్టూ కత్తిరించారు. ఊరంతా ఒకే సంతలో కొన్న కంచాలాయె, అన్నీ ఒకే కొలత.

నూకరత్నం వాటిని పక్కపక్కన పరిచింది. మధ్యమధ్య ఖాళీలు మిగిలాయి.

"ఇది బొంతా, జల్లెడా వదినా?" అని మరదలు పకపకా నవ్వింది.

"రేపే ఉయ్యాల. నవ్వకే!" అంది నూకరత్నం. లోపల గుబులుగానే ఉంది. ముక్క పాడైతే ఇంకోటి అడగడానికి లేదు.

ఆ తర్వాత తన సొంత పాతచీర తీసి, అయిదు మూలల ముక్కలు కోసి చూసింది. మూడింటి మూలలు ఒకచోట కలిపితే సన్నటి చీలిక మిగిలింది. నాలుగోది అందులో దూరదు. లాగి కుడితే బొంత బుట్టలా పైకి లేచింది.

"వంకాయలు పోసుకోవచ్చు," అంది మరదలు.

అప్పుడు నూకరత్నం మళ్ళీ గుండ్రటి ముక్కల దగ్గరికే వచ్చింది. ఒకటి మధ్యన పెట్టి చుట్టూ పేర్చింది. సరిగ్గా ఆరు పట్టాయి. ఇంకోదాని చుట్టూ పేర్చినా ఆరే!

"ఓలమ్మో! ప్రతి ముక్కకీ ఆరుగురు ఇరుగుపొరుగులే! ఆరు వైపులా తిన్నటి అంచు ఇస్తే సరి!"

అప్పుడు ఒక ముక్కని సగానికి మడిచింది. రెండు సగాలూ అచ్చంగా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఆ సగాన్ని నడిమధ్య నుంచి విసనకర్రలా సమానంగా మూడు మడతలు వేసి, ఉబ్బిన అంచుని తిన్నగా కోసింది. విప్పితే ఆరు మూలలు, ఆరు సమానమైన భుజాలు! ఏ మూల నుంచి ఎదురు మూలకి మడిచినా సగం సగానికి సరిపోయింది. బళ్ళో దీన్నే షడ్భుజి అంటారు బుజ్జీ.

ఆ తర్వాత మిగతా ముక్కలూ అలాగే కోసి, ఖాళీ లేకుండా పేర్చి కుట్టడం మొదలెట్టింది. ఆడవాళ్ళొచ్చి మూతి విరిచారు. "ఏటే నూకరత్నం, మూలలు పెట్టీసినావు? పిల్లడికి గుచ్చుకోవూ?"

"మూడు మూలలు కలిసి కూర్చున్నాక ఇంక మూలెక్కడుందే? తడిమి చూడు!"

తడిమి చూశారు. నున్నగా ఉంది. అందరూ సూదులందుకున్నారు.

మర్నాడు ఉయ్యాల్లో బొంత పరిచి పిల్లాణ్ణి వేశారు. వాడు కాళ్ళాడించి, మూడు ముక్కలు కలిసేచోట చక్కగా తడిపేశాడు.

"మా ముక్క మీదే!" అని మురిసింది ఒకావిడ.

"కాదు, మాదాని మీదే ముందు!" అంది రెండో ఆవిడ.

మూడో ఆవిడ తన ముక్క మీది తడి అందరికీ చూపించింది.

కథేమో కంచి బండెక్కిందే,
కంటికేమో కునుకు దక్కిందే!